ఆకాశనేత్రము - అనంతపుర క్షామము

అనంతపుర సీమ పశ్చిమ కనుమల చాటున నున్నది. నైరృతి మేఘము లిచ్చటికి వట్టిపోయి చేరును. సాలీనా సగటు వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంతమాత్రపు వానను నమ్మి ఇచ్చటి రైతు వేరుసెనగ విత్తుచున్నాడు. ఊడలు దిగి కాయ యూరు వేళ మూడు నాలుగు వారములు చినుకు లేకున్నచో, పిదప వాన కురిసి ఆకు తేరుకొన్నను, చెట్టు పెరికి చూచునప్పటికి తాలుకాయలే మిగులును. చేను పచ్చగానే యుండును; పంట యుండదు. ఇట్టి సీమకు కరవు వచ్చినదో రాలేదో తేల్చు సాక్షులలో నేడొకటి, వందల మైళ్ల యెత్తున తిరుగుచు ఆకు పచ్చదనమును కొలుచు ఉపగ్రహము.

ఈ సాక్షి పుట్టుక వినదగినది. అమెరికా, సోవియట్టు రాజ్యములు పరస్పర భయముచే నిద్రమానియున్న దినములలో, ఒకరి యస్త్రముల నొకరు లెక్కించుకొనుటకై ఈ కంటిని కల్పించిరి. 1960 ఆగస్టులో అమెరికావారి కరోనా ఉపగ్రహము విడిచిన ఫిలిము పేటిక పారాచూటుతో పసిఫిక్ సముద్రముపై దిగుచుండగా, విమానమొకటి దానిని నడియాకసముననే పట్టుకొనెను. 1962లో సోవియట్టువారి జెనిత్ బయలుదేరెను. 1972లో ముగిసిన కరోనా పటములను లోకమునకు చూపుటకు అమెరికా ప్రభుత్వమునకు 1995 వరకు మనసొప్పలేదు. వాని కడపటి కెమెరాలు ఆరడుగుల వస్తువును గుర్తింపగలిగెను.

యుద్ధమున కంతటి చూపు! సేద్యమునకో? 1988 మార్చి 17న మన స్వదేశీ ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్.-1ఎ సోవియట్టు గడ్డనుండి, క్షిపణి వంశమున బుట్టిన రాకెట్టుపై లేచెను. అది గర్వింపదగిన దినమే. కాని దాని యొక కెమెరాకు 72.5 మీటర్ల చదరము ఒక్క చుక్క. అనగా ఎకరమునకు మించిన నేల. 1989లో హైదరాబాదు దూరసంవేదన సంస్థ కరవు అంచనాల నారంభించినపుడు వాడిన అమెరికా వాతావరణ ఉపగ్రహపు పటములలో ఒక్కొక్క చుక్క సుమారు 300 ఎకరములు. ఒక చేను తడిసి పక్క చేను ఎండు సీమలో 300 ఎకరముల సగటు ఎవరి గోడు చెప్పును?

నేటి ఉపగ్రహముల చూపు మిక్కిలి వాడియైనది. దానిని కాదనము. వెనుకటి అణావారీ లెక్కలలో కలము పట్టినవాడు ఎటు వంగిన కరవు అటు వంగెడిది. ఉపగ్రహమునకు లంచమిచ్చుట ఎవరితరమును గాదు. ఆ మేలు చిన్నది కాదు. అయినను శత్రువుల విమానములను లెక్కించుటకు బుట్టిన కన్ను నేలపైనున్నదానినే చూచును. ఎంత వాడియైనను అది మంటిలోని కాయను చూడనేరదు.

2016 నాటి కేంద్ర ప్రభుత్వపు కరవు నియమావళి ఈ లోపమును బొత్తిగా మరువలేదు. వానతోబాటు విత్తిన విస్తీర్ణము, పైరు పచ్చదనము, నేల తేమ, జలాశయముల నీరు గమనింపుమనుచు, గ్రామములలో పదింట నొకదానిని కంటితో పరీక్షింపుమన్నది. వరి పండు డెల్టాకు అది చాలునేమో. వర్షాధారపు వేరుసెనగకు చాలదు. తక్కిన తొమ్మిది గ్రామముల తాలుకాయలు పచ్చని చుక్కలుగానే పటమున నిలిచిపోవును.

కావున అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలలో వేరుసెనగ ప్రధానమైన ప్రతి గ్రామమునందును, కాయ యూరు వేళ నొకసారి, కోతవేళ నొకసారి, రైతుల సమక్షమున చెట్లు పెరికి కాయలు తూచవలెను. మండలమునకు కరవు లేదని తీర్మానించుటకు ముందే ఆ ఉపగ్రహ పటమును తెలుగు వివరణతో గ్రామ సచివాలయపు గోడపై నంటించి, ఆక్షేపణలకు గడువీయవలెను. ఇందులకు కొత్త ఉపగ్రహ మక్కరలేదు. ఒక పార, ఒక త్రాసు, ఒక పూట కాలము చాలును. రానున్న ఖరీఫు విత్తనములు పడకమునుపే ప్రభుత్వమువారు ఉత్తరువు వెలువరింపవలెనని కోరుచున్నాము.