శరత్ నవలలలో మనము చదువని నది

హౌరా నుండి ఉత్తరముగా రైలున సుమారు 40 కిలోమీటర్లు పోయినచో బాండేలు జంక్షను వచ్చును. దానికి చేరువనే, హుగ్లీ జిల్లాలో, దేవానందపురమను పల్లె కలదు. శరచ్చంద్ర చట్టోపాధ్యాయుడు 1876లో జన్మించినది ఇచ్చటనే. చక్రపాణిగారి యనువాదములు చదివి, 1953లో ‘దేవదాసు’ చిత్రము చూచి, ఆయనను తమవానిగానే భావించుకొన్న తెలుగువారు, ఆ కథలలోని విరహమునకు కన్నీరు విడిచిరే కాని, ఆ విరహమునకు తావైన పల్లె యేల యంతగా కక్షలతోను, కట్టుబాట్లతోను క్రుంగిపోయినదో విచారించినవారు అరుదు. ఆ క్రుంగుబాటునకు మనుష్య స్వభావమెంత కారణమో, తప్పిపోయిన నీటిదారియు నంతే కారణమని నా యభిప్రాయము.

త్రివేణియొద్ద భాగీరథి నుండి చీలి ప్రవహించిన సరస్వతీ నదియే యొకప్పుడు ఈ సీమకు రాజమార్గము. దాని యొడ్డుననున్న సప్తగ్రామము వంగదేశమునకు ప్రధానమైన రేవులలో నొకటి. 16వ శతాబ్దమున ఆ నది మేటలు వేసి పూడుకొనిపోగా, వర్తకము హుగ్లీకి తరలెను. 1632లో ఆ పట్టణమును పోర్చుగీసువారినుండి గ్రహించిన మొగలులు తమ కచేరీలను గూడ అచ్చటికే మార్చిరి. రేవు పోయినను విద్య వెంటనే పోలేదు. ‘అన్నదామంగల’ కర్తయగు భారతచంద్రుడు యౌవనమున పారసీకము నభ్యసించినది దేవానందపురమునందలి మున్షీల యింటనే.

వంగదేశపు పల్లెను నీటినుండి వేరుచేసి చూడజాలము. పల్లపు నేలలో ఇల్లు కట్టదలచినవాడు ముందుగా గుంట త్రవ్వి, ఆ మట్టితో అరుగు ఎత్తుచేసికొనును. ఆ గుంటయే చెరువై స్నానమునకును, చేపలకును, అంట్లు తోముకొనుటకును ఆధారమగును. చెరువు గట్టున అరటియు, వెదురుపొదలును, పనసయు. వాని నడుమ కులమునకొక వాడ. పెద్దలు కూర్చుండి తగవులు తీర్చుటకు చండీమండపము. ఈ జిల్లాలోని గుప్తిపాడాలోనే, 18వ శతాబ్దమున, పన్నిద్దరు మిత్రులు చందాలు వేసికొని జమీందారు ప్రాపు లేకుండ దేవీపూజ సాగించిరని ప్రసిద్ధి. నేడు కలకత్తా వీధులలో వెలయు సామూహిక పూజలకు ఆ పల్లెటూరి చందాయే మూలమని చెప్పుదురు.

ఇట్టి సమాజముపై 1860 దశకమున ‘బర్ద్వాన్ జ్వరము’ విరుచుకొని పడి, హుగ్లీ, బర్ద్వాన్ జిల్లాలలో వాడలకు వాడలను పాడుపెట్టినది. 1864లో ప్రభుత్వము నియమించిన విచారణ సంఘమున సభ్యుడైన దిగంబర మిత్రుడు, కొత్తగా వేసిన రోడ్లును రైలుకట్టలును వాన నీటి సహజమార్గములకు అడ్డుపడి, నేలను చిత్తడిగా మార్చుటయే యీ జ్వరమునకు హేతువని వాదించెను. తరువాత 1930లో నీటిపారుదల నిపుణుడు విలియం విల్కాక్స్ కలకత్తా విశ్వవిద్యాలయమున నుపన్యసించుచు, ప్రాచీన వంగీయులు వెడల్పును తక్కువ లోతునుగల కాలువలద్వారా వరదనీటిని చేలకు మళ్లించెడివారనియు, ఆ నీటితో వచ్చిన ఒండ్రు పైరునకు బలమిచ్చినట్లే, దానితో వచ్చిన చేపపిల్లలు దోమల పురుగులను తినివేసెడివనియు, గట్లు కట్టి వరదను దూరముచేసినపుడు ఎరువును ఆరోగ్యమును ఒక్కసారే దూరమైనవనియు వివరించెను.

ఈ జ్ఞానముతో శరత్తు వ్రాసిన ‘పల్లీసమాజ్’ నవలను మరల చదువవలయును. నూరు బిఘాల చేను వాననీట మునిగియుండ, నీటికి అడ్డమైన కట్టను తెగగొట్టుటకు భూస్వాములు సమ్మతింపరు. తెగగొట్టినచో రెండువందల రూపాయల చేపలు కొట్టుకొనిపోవునని వారి బెంగ. రైతుల పంట పోయినను వారికి విచారము లేదు. పొలము తాకట్టు పెట్టి తమయొద్దనే అప్పు చేయుదురుగదా! కథానాయకుడు రమేశుడు ఆ రాత్రియే కట్ట తెగగొట్టెను. అడ్డుపడి అతనిచేత దెబ్బలు తిన్న కర్రసాము వీరుడు అక్బరు, భూస్వాములెంత ప్రేరేపించినను పోలీసులకు ఫిర్యాదు చేయ నిరాకరించెను. పల్లె నైచ్యమును, పల్లె ఔన్నత్యమును శరత్తు ఒక్క గట్టుమీదనే నిలిపి చూపినాడు.

శరత్తు వ్రాసిన ‘మహేశ్’ కథలో పేదరైతు గఫూరు కరవుచే సర్వమును గోల్పోయి, కుమార్తె అమీనా చేయి పట్టుకొని జనపనార మిల్లునకు పయనమగును. అట్టి మిల్లులకే శ్రీకాకుళము, గంజాము ప్రాంతములనుండి మన తెలుగు కూలీలును పోయిరి. హుగ్లీ యొడ్డున టిటాగఢ్ వంటి పట్టణములలో వారి సంతతి నేటికిని గలదు. గఫూరు దుఃఖము మన భాషలోనికి అనువాదముగా రాకమునుపే మన కుటుంబములలో కొన్నింటికి అనుభవమై యుండెను.

కులక్రౌర్యమునకు నదిపై నేరము మోపుట తగదని కొందరనవచ్చును. నిజమే; సరస్వతి నిండుగా పారిన దినములలోను అంటరానివాడలు ఊరికి వెలుపలనే యుండెను. అయినను నీరు అందరిదై పారునపుడు దాగియుండిన యన్యాయము, నీరు కొందరి గట్టునకు లోబడినపుడు ప్రాణాంతకమగుచున్నది. చెరువులు పూడ్చుటను నిషేధించు శాసనము పశ్చిమ వంగమున గలదు. 1978 నుండి క్రమముగ నెన్నికైన పంచాయతీలును గలవు. శాసనము పుస్తకమున నుండగా చెరువు ఇంటిస్థలమగుట, కాలువ గుర్రపుడెక్కతో మూసికొనిపోవుట మాత్రము ఆగలేదు. గ్రామాభ్యుదయమను పేర రోడ్లకును భవనములకును నిధులు కేటాయించువారు, ప్రతి రోడ్డుక్రిందను నీరు పోవు తూము కలదా, ఊరి మురుగుదారి యెవరి యాక్రమణలో నున్నది యను ప్రశ్నలను మొదటి పద్దుగా వ్రాసికొనవలయును. రమేశుడు బడి పెట్టుటతో తృప్తిపడక కట్ట తెగగొట్టుటకు బూనుకొన్నాడు. పల్లెను బాగుచేయదలచిన వానికి ఆ రెండును ఒకే పని.