కెమేరా పోతే కొనుక్కోవచ్చు, ఫోటోలో?

విదేశాలకి కెమేరా పట్టుకెళ్ళే ప్రతివాళ్ళూ ముందు అడిగేది "ఏ బ్యాగు కొనాలి?" అని. ఎన్ని లెన్సులు పడతాయి, లోపల స్పాంజి ఎంత మందం, వాన కవరు వస్తుందా... ఇదే చర్చ. నన్నడిగితే బ్యాగు సంగతి ఆఖర్న చూసుకోవాల్సింది. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మనం కాపాడుకోవాలనుకుంటున్నది కెమేరానా, అది తీసిన ఫోటోలనా?

కెమేరా వరకూ అయితే సూత్రం ఒకటే: చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి. చీరల మధ్య భద్రంగా చుట్టాం అనుకుంటాం గానీ, ఆ సూట్‌కేసుని విసిరేవాడికి లోపల చీరలున్నాయో కెమేరా ఉందో తెలీదు కదా. పోతే విమానం వాళ్ళు ఇచ్చేదానికీ హద్దుంది. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబరు నుంచి అది ఒక ప్రయాణీకుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు 2,000 డాలర్లు. అదీ మొత్తం లగేజీకి కలిపి! విడి లిథియం బ్యాటరీలైతే చెక్-ఇన్‌లో అసలు పెట్టనివ్వరు, చేతి సంచీలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపు వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మామూలు కెమేరా బ్యాటరీ 20 కూడా దాటదు కాబట్టి భయం లేదు. ఒక్కోదాన్నీ విడివిడి కవర్లో వేసుకుంటే చాలు. ట్రైపాడ్ మాత్రం నిక్షేపంగా సూట్‌కేసులో పడేయొచ్చు.

అన్నిసార్లూ మన మాట చెల్లుతుందనీ లేదు. 2017 మార్చిలో అమెరికా ప్రభుత్వం దుబాయ్, అబుదాబి, దోహా, ఇస్తాంబుల్ లాంటి పది ఎయిర్‌పోర్టుల నుంచి నేరుగా వచ్చే విమానాల్లో ఫోను కంటే పెద్ద ఎలక్ట్రానిక్ వస్తువులేవీ క్యాబిన్‌లోకి తేకూడదంది. అందులో కెమేరాలూ ఉన్నాయి. గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్ళే మనవాళ్ళు ఎంతమందో! జూలై కల్లా ఎత్తేశారనుకోండి. కానీ అమెరికా లోపల తిరిగే చిన్న విమానాల్లో ఇప్పటికీ గుమ్మం దగ్గరే బ్యాగు తీసేసుకుంటారు. అందుకే సీటు కింద పట్టేంత సంచీ మంచిది. మెమరీ కార్డులు మాత్రం జేబులోనే.

ఇండియా నుంచి ఖరీదైన సామాను తీసుకెళ్తుంటే, బయల్దేరేటప్పుడే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళ దగ్గర సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చాక "ఇది అక్కడ కొన్నది కాదండీ బాబూ" అని నిరూపించుకోవాల్సింది మనమే.

ఇదంతా వస్తువు గొడవ. ఇప్పుడు అసలు సంగతికొద్దాం.

మా టీములో ఒకాయన అమ్మానాన్నల్ని మొదటిసారి అమెరికా రప్పించి, వారం రోజులు కాలిఫోర్నియా అంతా తిప్పాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో భోజనానికని ఆగితే, ఎవరో కారు అద్దం పగలగొట్టి బ్యాగు పట్టుకుపోయారు. కెమేరా, లాప్‌టాప్, కార్డులు అన్నీ అందులోనే. కెమేరాకి ఇన్సూరెన్సు డబ్బులొచ్చాయి. వాళ్ళ నాన్న పంచె కట్టుకుని గోల్డెన్ గేట్ ముందు నిలబడ్డ ఫోటో మాత్రం రాలేదు. ఆయన మళ్ళీ అమెరికా రాలేదు కూడా.

నాకు విచిత్రంగా అనిపించేది ఇదే. ఆఫీసులో ఎవడిదో డేటాబేసుకి రోజూ రాత్రి బ్యాకప్ అయిందో లేదో చూసుకోకుండా నిద్రపోం. సొంత ఫోటోలకొచ్చేసరికి అన్నీ ఒకే కార్డులో, ఆ కార్డు ఒకే సంచీలో! రాత్రి హోటల్ గదికి రాగానే లాప్‌టాప్‌లోకో చిన్న డ్రైవులోకో కాపీ చేసి, ఆ కాపీని కెమేరా ఉన్న సంచీలో కాకుండా ఇంకో చోట పెట్టడానికి పది, పదిహేను నిమిషాలు చాలు. ఊరికి తిరిగొచ్చేదాకా కార్డులు చెరపకండి. ఇంకో కార్డు కొనడం కెమేరా సంచీ కొనడం కంటే ఎంతో చవక.

నా ఇంకో సలహా కొంతమందికి నచ్చదు: తక్కువ సామాను పట్టుకెళ్ళండి. ఒక కెమేరా, రెండు లెన్సులు. మసాయిమారాలో సింహాల్ని తీయాలనుకునేవాళ్ళకి పెద్ద లెన్సు తప్పదు, ఒప్పుకుంటాను. కానీ పిల్లల్ని ఈఫిల్ టవర్ ముందు నిలబెట్టి తీయడానికి ఎనిమిది కిలోల మూట ఎందుకండీ? మూట పెద్దదైతే భుజం నొప్పెట్టి ఎక్కడో ఒకచోట దింపుతాం. దింపిన చోటే దొంగకి అవకాశం. కంపెనీ పేరు పెద్దక్షరాల్లో రాసిన పట్టీని మెడలో వేసుకుని బార్సిలోనా వీధుల్లో తిరగడమంటే మన దగ్గరేముందో మనమే చాటింపు వేయించుకోవడం. దాన్ని తీసేసి పేరూ ఊరూ లేని నల్ల పట్టీ వేసుకోండి.

కొత్త మోడల్ కెమేరా ప్రతి ఏడాదీ వస్తుంది. ఆ ప్రయాణం మాత్రం అదే మనుషులతో, అదే వయసులో మళ్ళీ రాదు. దేనికి ఎక్కువ కాపలా కాయాలో మీరే చెప్పండి.