విలన్ లేని సినిమా ఎన్నాళ్ళాడుతుంది?

హీరో పుట్టాడు, పొలం దున్నాడు, లక్షలు గడించాడు, శుభం! ఇలాంటి కథతో ఎవరైనా సినిమా తీస్తే మన కుర్రకారు ఇంటర్వెల్ దాకానైనా కూర్చుంటారా? సీట్లు చింపిపారేయరూ! మరి అదే కథని సెల్‌ఫోన్‌లో రాత్రి రెండింటిదాకా కళ్ళార్పకుండా ఆడతారు. మూడో నెల తిరక్కుండానే “బోరు గురూ” అంటూ పక్కన పడేస్తారు. ఎందుకంటారు?

మొన్న మా ఊరు కలకడ వెళ్ళాను. మా అన్న కొడుకు అరుగు మీద ఫోను పట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. తొంగిచూస్తే ‘స్టార్‌డ్యూ వ్యాలీ’. ఎరగని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు నాలుగేళ్ళకు పైగా ఒంటరిగా కూర్చుని, కథ, బొమ్మలు, సంగీతం అన్నీ తానే అయి తయారుచేసి 2016లో విడుదల చేసిన ఆట ఇది. తాతయ్య వదిలివెళ్ళిన బీడు పొలాన్ని మనం బాగుచేసుకోవాలి. ఊళ్ళోవాళ్ళతో స్నేహం చెయ్యొచ్చు, నచ్చినవాళ్ళని పెళ్ళీ చేసుకోవచ్చు.

“ఏంరా అబ్బోడా, సేద్యం ఎట్లుండాది?”

“బోరు కొడతా ఉండాది చిన్నాయనా! దుడ్లు లెక్కలేనన్ని ఉండాయి. ఇంకేం చేసేది?”

అదే సమయానికి పెరట్లో వాళ్ళ నాయన, అంటే మా అన్న, టమోటా బాక్సులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆయన ముఖంలో బోరు లేదు. తెల్లారితే మదనపల్లె మార్కెట్టులో రేటు ఎంత పలుకుతుందోనన్న భయం ఉంది.

కిటుకంతా అక్కడే ఉంది పాఠక మిత్రులారా! ఆ ఆటలో టమోటా విత్తనం 50 నాణేలు. వేసవిలో నాటితే 11 రోజులకు కాపుకొస్తుంది, ఆపైన ప్రతి నాలుగు రోజులకూ కాస్తుంది. మామూలు కాయ ధర 60. ఈ ఏడూ అరవయ్యే, పై ఏడూ అరవయ్యే! అలా ఏ దేశంలో పలుకుతుందండీ టమోటా? 2023 జూలై ఆఖరులో మదనపల్లెలో మేలురకం కాయ కిలో 150 రూపాయలు దాటింది. అదే సెప్టెంబరులో రేటు ఎంత పడిందంటే, రాయలసీమ రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోశారు. ఆ ఆటలో లేనిది ఇదే. నష్టం అనే విలన్ లేడు.

ఈ సంగతి కొందరు ముందే కనిపెట్టారు. జపాన్ వారి ‘యానిమల్ క్రాసింగ్’లో ఆదివారం పొద్దున ముల్లంగి లాంటి దుంపలు కొనుక్కోవాలి. వారమంతా పూటకో రేటు. మళ్ళీ ఆదివారంలోగా అమ్మకపోతే కుళ్ళిపోతాయి! జపాన్ భాషలో ‘కబు’ అంటే ఆ దుంపే, షేరు కూడా. 2020లో దాని కొత్త భాగం వచ్చినప్పుడు జనం ఇళ్ళల్లో కూర్చుని ఆ దుంపల రేట్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. 2000లో వచ్చిన ‘ది సిమ్స్’ అభిమానులైతే తమకు తామే షరతులు పెట్టుకున్నారు. చేతిలో కాసిని డబ్బులతో ఖాళీ స్థలంలో మొదలుపెట్టి, పది తరాలు వంశం నిలబెట్టాలి. అన్నట్టు, ఆ ఆట సృష్టికర్త విల్ రైట్ ఇల్లు 1991లో ఓక్లాండ్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. పోయిన సామాన్లు మళ్ళీ ఒక్కొక్కటే కొనుక్కుంటున్నప్పుడే ఆయనకు ఆ ఆట ఆలోచన పుట్టింది!

సరే, మావాడి దగ్గరికొద్దాం. పాత పొలం వదిలెయ్యమన్నాను. కొత్తగా మొదలెట్టి, టమోటా తప్ప వేరే పంట వెయ్యకూడదు. ఏ కాలంలోనైనా పండించే గాజుల షెడ్డు జోలికి పోకూడదు. ఇక అసలు షరతు: కాయ కోసిన రోజు మదనపల్లె రేటు చూడాలి. కిలో 30 దాటితే మొత్తం అమ్ముకో. 10కీ 30కీ మధ్య ఉంటే సగం అమ్ము, సగం పారెయ్యి. పదికి తక్కువైతే అన్నీ చెత్తబుట్టలోకే. (ఇంత కఠినం మీకొద్దనుకుంటే, ఆట మొదట్లోనే లాభాన్ని 75, 50, 25 శాతానికి తగ్గించుకునే ఏర్పాటు ఉంది. అదైనా చేసుకోండి.) ఇంకో మాట. ఎక్కడ ఏం దొరుకుతుందో చెప్పే వీడియోలు చూడొద్దన్నాను. పక్క సీటువాడు క్లైమాక్స్ ముందే చెప్పేస్తే టిక్కెట్టు డబ్బులు దండగ కదా!

మావాడు నవ్వాడు. “ఇదేం ఆట చిన్నాయనా, ఏడుపు!” అన్నాడు. అన్నాడే గానీ మొదలెట్టాడు.

పదిరోజుల తర్వాత ఫోన్ చేశాడు. ఆటలో మొదటి కాపు వచ్చిందట. ఆ రోజు మదనపల్లెలో రేటు ఎనిమిది రూపాయలు. కాయలన్నీ చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి, వేలు ఆడక అరగంట కూర్చున్నాడట.

“పారేసినావా?”

“పారేసినా. మళ్ళా విత్తనానికి దుడ్లు ల్యాక ఏట్లో చేపలు పట్టుకుంటా ఉండా. బోరు ల్యా ఇప్పుడు.” కాసేపాగి అన్నాడు, “రేటెంతని నాయన్ని అడిగితే, నీకెందుకురా అన్నాడు చిన్నాయనా. ఫోను చూపించినా. పక్కన కూర్చున్యాడు. మొన్నటి కాపుకు బండి బాడుగే రాలేదంట. నాకు చెప్పనే ల్యా.”

ఇప్పుడు సాయంత్రం పూట అన్నే వాణ్ణి అడుగుతున్నాడట, “నీ తోట ఎంతవరకొచ్చెరా?” అని.