వనవిహారము - వృక్షనామము

కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీనది పడమటి గట్టున, హౌరాలోని శిబ్‌పూరులో ప్రసిద్ధమైన వృక్షోద్యానము కలదు. 1787లో ఏర్పడిన ఈ తోటకు 2009లో ఆచార్య జగదీశచంద్ర బోసు పేరు పెట్టిరి. దానిని చూడబోవువారికి తెలిసినవారు చెప్పు హితము ఒక్కటే: తొందరపడక నడువుడు, మహావటవృక్షమును చూడుడు, నదిగాలి పీల్చుకొని మరలి రండు. ఈ హితమునందు తప్పులేదు. బాటలు చదునైనవి, చెరువుగట్లు చల్లనివి, సుమారు 270 ఎకరముల నేలపై వేలాది వృక్షములు నీడనిచ్చుచున్నవి. ముసలివారును పిల్లలును అలయక తిరుగవచ్చును. కాని ఇంతటితో ఉద్యానప్రయోజనము తీరినదనుట ఒప్పుకొనరాని మాట. నీడయే కావలసినచో బాటప్రక్కల సాలుచెట్లు చాలును, వృక్షోద్యానమెందుకు?

ఈ తోట విలాసమునకు పుట్టినది కాదు. 1770 నాటి వంగదేశపు కరవు జనుల తలపునుండి చెదరకముందే, 1786లో, సైనికోద్యోగియగు రాబర్ట్ కిడ్ ఈస్టిండియా కంపెనీకి విన్నపము పంపెను. కరవునాట ప్రజల ప్రాణము నిలుపగల సాగో వంటి చెట్లను తెచ్చి పెంచవలెనని అతడు కోరెను. కంపెనీవారి దృష్టి లాభముమీదను నిలిచినది: ఓడలకు టేకు, వర్తకమునకు సుగంధద్రవ్యములు. 1795లో వెస్టిండీసు మహాగని ఇచ్చట వేరూనినది. 1830ల దశకమున చీనా తేయాకు నారు ఇచ్చటినుండియే అస్సాముకు పోయినది. ఆకలియు లాభాపేక్షయు కలిసి నాటిన తోట ఇది. ఈ సంగతి తెలియనివాడు నీడను చూచును గాని తోటను చూడడు.

తెలుగువారికి ఈ తోటతో గల బాంధవ్యము ఇంకను దగ్గరిది. 1793లో దీని నిర్వహణమును స్వీకరించిన విలియం రాక్స్‌బరో అంతకుముందు సుమారు పుష్కరకాలము గోదావరి సీమలోని సామర్లకోటలో వైద్యుడుగా ఉండెను. అచ్చట తోటవేసి మిరియము, కాఫీ, నీలి మున్నగువానిని పెంచెను. ఆ ప్రాంతపు మొక్కలను దేశీయ చిత్రకారులచేత వ్రాయించెను. ఆ చిత్రములలో 300 ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను పేర 1795 మొదలు 1820 వరకు లండనులో మూడు సంపుటములుగా వెలువడినవి. చిత్రకారులలో పెక్కుమంది పేర్లను చరిత్ర మరచినది. మొక్కల పేర్లు మాత్రము నిలిచినవి. మోదుగ, బిల్లు, ఇందుగ వంటివి తెలింగుల మాటలని గ్రంథకర్త గుర్తించి వ్రాసెను. సోమిద అను తెలుగు పేరే లాటిను వేషము ధరించి ‘సోయ్‌మిడా’ అను ప్రజాతినామమైనది. ఈ మాటలు ఆకాశమునుండి ఊడిపడలేదు. కట్టెలు కొట్టువారు, పశువుల కాపరులు, నాటువైద్యులు తరతరములుగా వాడిన మాటలివి. అవి లేక ఆ శాస్త్రగ్రంథము లేదు.

ఇక లాటిను నామమొక్కటే చాలునను పండితులున్నారు. ఒక చెట్టుకు ఊరికొక పేరు, ఒకే పేరుకు నాలుగు చెట్లు. ఈ గందరగోళము తీర్చుటకే శాస్త్రనామము పుట్టినదని వారి వాదము. వాదము సత్యమే. శాస్త్రనామమును తుడిచివేయుమని ఎవరును కోరుట లేదు. అయితే అది చెట్టును ఇతర వృక్షములనుండి వేరుచేసి చూపును. చెట్టును మనుష్యునితో కలుపునది ఇంటిభాష. ‘బ్యూటియా మోనోస్పెర్మా’ అని చదివిన తెలుగువానికి ఏ తలపు కలుగును? మోదుగ అన్నంతనే విస్తరాకు, హోమసమిధ, వేసవి మొగమున ఎఱ్ఱబారిన అడవి కనులయెదుట నిలుచును. హిందీవారికి ఢాక్ అన్నను టేసూ అన్నను హోళీరంగు జ్ఞప్తికి వచ్చును. వంగీయునికి పలాశమన్నచో వసంతమే. ఒక పలకపై ఈ పేర్లన్నియు పట్టును. పట్టనిది మన అలక్ష్యమే.

విశ్రాంతికి వచ్చినవారికి పాఠము చెప్పనేల అని మరికొందరందురు. పేరు చెప్పుట పాఠము కాదు, పరిచయము. జనపనార మిల్లుల పనికై ఉత్తరాంధ్రమునుండి హౌరా చేరిన కుటుంబములు ఎన్నియో. అట్టి యింటి బాలుడు తన అవ్వ నోటి మాటను నది ఒడ్డున ఒక చెట్టుపై చదువుకొన్ననాడు, ఈ తోట తనదికూడనని ఎవరును చెప్పకయే గ్రహించును. ప్రజోద్యానమను మాటకు అర్థము అదియే.

2020 మే నెలలో అంఫాన్ తుపాను ఈ తోటలో వందలాది చెట్లను కూల్చినది. మహావటమునకును గాయము చేసినది. పేరెరుగని చెట్టు కూలినచో చూపరులకు అది కట్టె మాత్రమే. పేరెరిగినది కూలినచో నష్టము. మహావటపు మూలకాండమును తెగులు సోకినందున 1925లోనే తొలగించిరి. నేడు ఆ వృక్షము మూడువేలకు మించిన ఊడలమీదనే బ్రదుకుచున్నది. శాస్త్రమునకు దేశభాషలు అట్టి ఊడలు. అవి నేలనంటకున్న శాస్త్రము జనులలో నిలువదు.

కావున చేయవలసిన పని స్పష్టము. ఉద్యానాధికారులు శాస్త్రనామము ప్రక్కన వంగ, హిందీ నామములను, ఏ సీమనుండి మొక్క మొదట వర్ణింపబడినదో ఆ సీమ నామమును చెక్కింపవలెను. తెలుగు విద్వాంసులు రాక్స్‌బరో ఆంగ్లలిపిలో వ్రాసికొన్న తెలుగు పేర్లను తెలుగులిపికెక్కించి, నేటి పల్లెవాడుకతో సరిచూచి ప్రకటింపవలెను. ఆ మాటలు తెలిసిన వృద్ధులు నానాటికి తరుగుచున్నారు గనుక ఈ పని వాయిదాకు లొంగదు. అంతవరకు ఆ బాటలు నడచువారికి సులభమే. ఆ సౌలభ్యము మాత్రము మన అజ్ఞానమునకు వెలయై ఉండును.