‘వచ్చును’ – ‘వలెను’

ఆంగ్లభాషలోని ‘మే’, ‘షల్’ అనునవి రెండును సహాయక క్రియలే. ప్రధానక్రియకు ముందు నిలిచి, దాని రూపమును మార్పకయే వాక్యార్థమును నిర్ణయించును. చూచుటకు అల్పములైన ఈ పదముల నడుమ గల భేదము ఒకప్పుడు మన దేశమున పెద్ద కలతకు కారణమైనది.

‘మే’ అనుమతిని గాని, సంభావ్యతను గాని తెలుపును. మన ‘వచ్చును’ దానికి సరియైన జోడు. ‘నీవు ఇంటికి పోవచ్చును’ అనిన అనుమతి. ‘రేపు వాన కురియవచ్చును’ అనిన సంభావ్యత. ‘షల్’ అనునది, వెనుకటి వ్యాకరణముల ప్రకారము, ఉత్తమపురుషలో కేవల భవిష్యత్తును, తక్కిన పురుషలలో విధిని తెలుపును. శాసనములలో అది మన ‘వలెను’.

వ్యతిరేకార్థమున మరియొక చిక్కు కలదు. ‘మే’ పిదప ‘నాట్’ చేరినచో ‘అతడు రాకపోవచ్చును’ అనియు, ‘అతడు రారాదు’ అనియు రెండర్థములు పొసగును. తెలుగున వీనికి వేర్వేరు రూపములున్నవి. సందర్భమెరుగక అనువదించు విద్యార్థి ఇచ్చటనే పొరబడును.

భారత రాజ్యాంగము 343వ అధికరణములో ఈ రెండు పదములును కలవు. 1950 నుండి పదునైదేండ్లు కేంద్రవ్యవహారములలో ఆంగ్లము కొనసాగవలెనని అది ‘షల్’తో విధించినది. ఆ పిమ్మట దాని వాడుకకు పార్లమెంటు చట్టము చేయవచ్చునని ‘మే’తో అధికారమిచ్చినది. 1963 నాటి అధికార భాషల చట్టము సైతము, హిందీతోపాటు ఆంగ్లము కొనసాగవచ్చునని మాత్రమే పలికినది. ‘వచ్చును’ అనిన ‘మానవచ్చును’ అనియు కాదా యని హిందీయేతర ప్రాంతముల వారు శంకించిరి. ‘షల్’ అని మార్పుడని రాజ్యసభలో అణ్ణాదురై కోరెను. రెంటికిని అర్థమొకటే యని ప్రధాని నెహ్రూ అభిప్రాయము. అర్థమొకటే యైనచో పదము మార్చుటకు అడ్డేమి? ఈ ప్రశ్న నిలిచిపోయినది, పదము మారలేదు.

1964లో నెహ్రూ గతించెను. 1965 జనవరిలో గడువు తీరు వేళకు మద్రాసు రాష్ట్రమున ఆందోళన చెలరేగి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. తుదకు 1967 నాటి సవరణచే, హిందీని అధికారభాషగా స్వీకరింపని రాష్ట్రములతో కేంద్రము జరుపు ఉత్తరప్రత్యుత్తరములకు ఆంగ్లమును వాడవలెనని ‘షల్’ చేరినది. అట్టి రాష్ట్రముల శాసనమండలములన్నియు, పిదప పార్లమెంటు ఉభయసభలును తీర్మానించువరకు ఆ ఏర్పాటు తొలగదు.

సందర్భమును బట్టి న్యాయస్థానములు ‘మే’ను ‘షల్’గా గ్రహించుటయు కలదు. కాని న్యాయస్థానమునకు పోవు అవసరము లేకుండ వ్రాయుటయే మంచి వ్రాత. మాట యిచ్చినవారు నిలువరు. వ్రాసిన వాక్యము నిలుచును. తరువాతి తరము చదువునది ఆ వాక్యమునే. వ్యాకరణము మార్కుల కొరకే యని తలచు విద్యార్థికి ఉపాధ్యాయులు సూత్రముతోపాటు ఈ చరిత్రను గూడ చెప్పవచ్చును, కాదు, చెప్పవలెను.