మాట రాలేదని తెలుగు మాన్పిస్తారా?

మా చెల్లెలి కూతురికి కవలలు, ఇద్దరూ మగపిల్లలే. బెంగళూరులో ఉంటారు. ఇంట్లో తెలుగు, ప్లేస్కూల్లో ఇంగ్లీషు. రెండేళ్లు నిండాయి, మాటలు మాత్రం అంతంతే. "ఇంట్లో తెలుగు ఆపేయండి, రెండు భాషలతో పిల్లలు తికమక పడుతున్నారు" అన్నారట స్కూలు వాళ్లు. అంతే, ఇంటిల్లిపాదీ ఇంగ్లీషులోకి దిగారు. ఇంగ్లీషు రాని మా చెల్లెలు మనవల ఎదుట నోరు మూసుకుని కూర్చుంది. జోలపాట కూడా మానేసిందంటే నా కడుపు తరుక్కుపోయింది.

రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందన్నది ఉత్త అపోహ. స్కూలు వాళ్లు లెక్కపెట్టింది ఇంగ్లీషు మాటలే, అవి 8. "పాలు", "కాకి", "తాత" కూడా మాటలే కదా! కలిపి చూస్తే 30 దాటాయి. "అమ్మా, బాల్ ఇయ్యి" అంటే తికమక కాదండీ. "బస్సు లేటయింది" అని మనం అనడం లేదూ?

కవలలకు మాట కాస్త వెనకబడడం మామూలే. చాలామంది నెలలు నిండకుండానే పుడతారు. పైగా ఒకడికి అన్నం పెడుతుంటే రెండోవాడు ఏడుస్తాడు. తల్లికి ఊపిరి సలపదు. "రా, వద్దు, పట్టు" తప్ప ఆవిడ నోట ఇంకో మాట రాదు. "అదిగో కాకి, కాకి ఏం తింటోంది?" అని తీరిగ్గా కబుర్లు చెప్పేదెవరు? ఆ పని చేసే అమ్మమ్మ నోరే కట్టేశారు వీళ్లు!

ఇంకో సంగతి. ఒకడి ముద్ద మాట రెండోవాడికి తెలిసిపోతుంది. ఇక సరిగ్గా పలకాల్సిన అవసరమేముంది? "వాళ్లకో రహస్య భాష ఉంది" అని మనం మురిసిపోతాం. చాలావరకు అది ఒకడి తప్పును ఇంకొకడు పట్టుకోవడమే. అందుకే రోజూ కాసేపు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. కూరల కొట్టుకు ఒకణ్ణి తీసుకెళ్లండి, రెండోవాణ్ణి అమ్మమ్మకు వదలండి. ఒకణ్ణి అడిగితే రెండోవాడు జవాబు చెప్పే అలవాటు రానివ్వకండి.

అలాగని "మేనమామకూ ఆలస్యంగానే వచ్చింది" అంటూ కాలయాపన చేయడం కూడా తప్పే. రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ముందు చెవి పరీక్ష చేయించాలి. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది. మైసూరులో 1965 నుంచీ వాక్ శ్రవణ సంస్థ ఉంది. అక్కడ వినికిడినీ మాటనీ రెంటినీ చూస్తారు.

మా వాళ్లకు పరీక్ష అయింది, వినికిడి బాగానే ఉందట. చెల్లెలు మాత్రం ఇంకా గొంతు విప్పలేదు. "అల్లుడేమంటాడో అక్కా" అంటోంది. ఈ ఆదివారం ఆ అల్లుడికే ఫోన్ చేస్తాను.