పిల్లలు వెళ్లాక మిగిలే రోజు

పిల్లలు చదువుకో ఉద్యోగానికో ఊరు దాటగానే ఇంట్లో ముందు మారేది వంట. సోలెడు బియ్యం పోసే చెయ్యి గిద్దెడు దగ్గర ఆగాలి. ఆ కొలత త్వరగానే అలవాటవుతుంది, ఖాళీ అయిన రోజు మాత్రం అవదు. చాలామంది దాన్ని ఫోనుతో నింపుకుంటున్నారు. హైదరాబాద్‌లో రాత్రి 8 గంటలైతే డల్లాస్‌లో, వేసవిలో, ఉదయం తొమ్మిదిన్నర. అక్కడ ఆఫీసు హడావిడి. ఆ రెండు నిమిషాల కాల్ కోసం సాయంత్రం నడకనీ, గుడినీ, పేరంటాన్నీ మానుకోవడం ఎవరికీ మేలు చేయదు. పిల్లల మీద ప్రేమ ఉంచుకుంటూనే, రోజును మన వీధిలోని మనుషులతో మళ్లీ కట్టుకోవాలి. ఈ అవసరం తల్లులకే ఎక్కువ. తండ్రికి ఉద్యోగమో వ్యాపారమో ఇంకా మిగిలి ఉండొచ్చు; ఇరవై ఏళ్లు క్యారియర్లు కట్టిన అమ్మకు పని ఒక్కసారిగా ఆగిపోతుంది.

ఇలా సర్దుకోమనడం పిల్లలను బాధ్యత నుంచి తప్పించడమేనని కొందరంటారు. ఆ బాధ్యత ఎక్కడికీ పోదు: 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం దాన్ని స్పష్టంగా రాసింది. కానీ చట్టం భరణం ఇప్పించగలదు, నాలుగింటి టీకి తోడు ఇవ్వలేదు. 2017-18 జాతీయ వృద్ధాప్య సర్వే ప్రకారం 60 దాటినవారిలో దాదాపు 6 శాతం మంది ఒంటరిగా ఉంటున్నారు. ‘కొత్త స్నేహాలకు ఈ వయసులో ఓపికెక్కడిది’ అనే మాటలో నిజముంది. మోకాళ్ల నొప్పులున్నవారు గడప దాటలేరు. అందుకే మొదటి అడుగు ఇరుగుపొరుగు వేయాలి. పిల్లలు దూరంగా ఉన్న ఇల్లు మీ వీధిలో ఉంటే, ఈ వారమే ఒకసారి తలుపు తట్టండి.